చైనా ఫైర్‌బెల్లీ, ఆల్పైన్, రిబ్డ్ న్యూట్లను ఒకే తొట్టిలో ఉంచవచ్చునా?

ఎస్సెన్_నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను కుటుంబంతో జర్మనీలోని ఎస్సెన్ నగరంలో ఉంటున్నాను. మా ఇంట్లో 120 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గాజు తొట్టి ఒకటి ఉన్నది. అందులో ప్రస్తుతం నాలుగు చైనా ఫైర్‌బెల్లీ న్యూట్లు (బల్లి ఆకారంలో, తోకతో ఉండే ఉభయచరాలు) మాత్రమే ఉన్నాయి. మూడు వందల లీటర్ల తొట్టిలో వేలెడంత ప్రాణులు నాలుగే ఉండటం వల్ల అవి ఏ మొక్క చాటున ఉన్నాయో పిల్లలు ప్రతిసారీ వెతుక్కోవలసి వస్తున్నది. అందువల్ల ఒక పెంపకందారు దగ్గర గుడ్ల నుంచి పెరిగిన ఆల్పైన్ న్యూట్లు రెండింటినీ, స్పెయిన్, పోర్చుగల్, మొరాకో ప్రాంతాలకు చెందిన రిబ్డ్ న్యూట్ల జంటనూ ఇందులో చేర్చాలని ఆలోచిస్తున్నాను.

నాకు ధైర్యం కలిగిస్తున్న సంగతులు కొన్ని ఉన్నాయి. నేను చదివినంతలో ఈ మూడు జాతులకూ చల్లని నీరే కావాలి; 17, 18 డిగ్రీల దగ్గర మూడూ సుఖంగా ఉంటాయని అర్థమయింది. మూడూ వానపాములను, గడ్డకట్టించి అమ్మే ఎర్రపురుగులను తింటాయి. పైగా మా ఊరికి దగ్గరి అడవిలోని ఒక చెరువులో వసంతకాలంలో ఆల్పైన్ న్యూట్లు, స్మూత్ న్యూట్లు కలిసి తిరగడం నేను స్వయంగా చూశాను. ప్రకృతిలో కలిసి బతుకుతున్న జీవులు తొట్టిలో ఎందుకు బతకలేవన్నది నా సందేహం. అంతగా ప్రమాదం ఉన్నదంటే, తొట్టి మధ్యలో రంధ్రాలున్న గాజు అడ్డును నిలిపి రెండు భాగాలు చేస్తే సరిపోతుందా? అనుభవజ్ఞులు దయచేసి కారణాలతో సహా వివరించగలరు.

మడుగు_మిత్రుడు:

ఎస్సెన్_నివాసి గారికి నమస్కారం. కొనకముందే అడిగారు కనుక సమాధానం చెప్పడం తేలికయింది. కలపవద్దు.

ముందుగా రిబ్డ్ న్యూట్ సంగతి చూద్దాం. మీ చైనా న్యూట్లు పూర్తిగా ఎదిగినా సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల లోపే ఉంటాయి. రిబ్డ్ న్యూట్ ఇరవై సెంటీమీటర్లు దాటడం మామూలే; సహజ ఆవాసంలో ముప్ఫై సెంటీమీటర్ల వరకు పెరిగినవి కూడా ఉన్నాయి. దాని నోటి ముందు కదిలేది ఏదైనా ఆహారమే. కాలు కనిపిస్తే కాలు పట్టుకుంటుంది, తోక కనిపిస్తే తోక పట్టుకుంటుంది, మింగగలిగితే మొత్తం ప్రాణిని మింగడానికి ప్రయత్నిస్తుంది. న్యూట్లకు తెగిన అవయవాలు తిరిగి మొలుస్తాయన్నది నిజమే. ఇటలీ శాస్త్రవేత్త స్పల్లాంజాని 1768లోనే ఈ విషయాన్ని ప్రకటించాడు. కానీ కొత్త కాలు మొలిచేదాకా ఆ గాయం నీటిలో తెరిచే ఉంటుంది. దాని మీద దూదిలాంటి బూజు పట్టి, కాలు మొలవకముందే ప్రాణి చనిపోయే అవకాశం ఉన్నది.

ఇక్కడ రెండో చిక్కు విషం. ఫైర్‌బెల్లీ న్యూట్ల చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. పఫర్ చేపలో ఉండే విషం కూడా ఇదే. ఇది నాడుల్లో సోడియం ప్రవహించే మార్గాలను మూసివేసి కండరాలను స్తంభింపజేస్తుంది. వీటికి బంధువైన అమెరికా రఫ్‌స్కిన్డ్ న్యూట్‌ను 1979లో ఒరెగాన్ రాష్ట్రంలో పందెం కోసం మింగిన 29 ఏళ్ల యువకుడు అదే రోజు మరణించాడు. ఇళ్లలో గుడ్డు నుంచి పెంచిన జపాన్ ఫైర్‌బెల్లీలలో ఈ విషం కనబడలేదని పరిశోధకులు గమనించారు కనుక, మీ వాటిలో ఎంత ఉన్నదో పైకి చూసి చెప్పడం అసాధ్యం. రిబ్డ్ న్యూట్‌కు కూడా తనదైన రక్షణ ఉన్నది: భయపడినప్పుడు పక్కటెముకల మొనలను చర్మం గుండా బయటికి పొడుచుకొని, చర్మం స్రవించే విషాన్ని వాటికి పట్టిస్తుంది. ఇంగ్లీషులో రిబ్ అంటే పక్కటెముక; దాని పేరు కూడా అలా వచ్చినదే. ఒకదాన్ని మరొకటి కొరికితే కొరికించుకున్నదానికే కాక కొరికినదానికి కూడా ఆపద అన్నమాట.

ఉష్ణోగ్రత గురించి మీరు చెప్పినది పైకి సరిగానే ఉన్నది గాని, ఏడాది పొడవునా ఒకే అంకె ఉండాలన్న భావన దగ్గర పొరపాటు ఉన్నది. ఆల్పైన్ న్యూట్‌కు శీతాకాలంలో ఐదారు డిగ్రీల వరకు దిగిన నీరు కావాలి. ఆ చలి గడిస్తేనే వసంతంలో మగదానికి నీలి రంగు, వీపు మీద చిన్న జూలు నిండుగా వచ్చి, ఆడది గుడ్లు పెడుతుంది. మీరు రిబ్డ్ న్యూట్‌ను అంత చలిలో ఉంచితే అది తిండి మానేస్తుంది. చైనా న్యూట్ ఈ రెండింటికీ నడుమన ఉంటుంది. మూడింటికీ నడిమి ఉష్ణోగ్రత ఎంచుకుంటే మూడూ బతికి ఉండవచ్చును, కానీ ఏదీ తన ఋతుచక్రాన్ని పూర్తి చేయలేదు.

చెరువు గురించి మీరు వేసిన ప్రశ్న మంచిది. జర్మనీలో ఆల్పైన్, స్మూత్, క్రెస్టెడ్ న్యూట్లు ఒకే చెరువులో ఉండటం సహజమే. అయితే ఆ చెరువులో అవి పక్కపక్కన ఉండవు. పెద్దదైన క్రెస్టెడ్ న్యూట్ లోతైన, తెరిపి నీటిలో ఎక్కువగా తిరుగుతుంది. చిన్న జాతులు ఒడ్డు వెంబడి గడ్డి దుబ్బుల్లో ఉంటాయి. ఒకదానికి మరొకటి నచ్చకపోతే పదడుగుల దూరం పోతుంది, లేదా నీటిని వదిలి ఒడ్డెక్కుతుంది. అవి ఆ చెరువులో ఉండేది కూడా వసంతం నుంచి వేసవి నడిమి వరకే. మిగిలిన కాలమంతా దుంగల కింద, ఆకుల కింద, విడివిడిగా నేల మీద గడుపుతాయి. ఇంత ఏర్పాటు ఉన్నప్పటికీ చిన్న జాతుల పిల్లలను క్రెస్టెడ్ న్యూట్లు తింటూనే ఉంటాయి. వందల గుడ్లు పెట్టే జీవులు కనుక చెరువు ఆ నష్టాన్ని భరిస్తుంది. మీ తొట్టిలో ఉన్నవి నాలుగే.

స్వాబ్_పరీక్ష:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అయితే పోట్లాట, ఆకలి, ఉష్ణోగ్రత అన్నవి కంటికి కనబడే సమస్యలు. వాటిని గమనించి సరిదిద్దుకోవడానికి కొంత సమయం దొరుకుతుంది. నేను చెప్పదలచినది కనబడని సమస్య గురించి. నేను పశువైద్య రంగంలో, ఉభయచరాల చర్మవ్యాధుల పరీక్షలకు సంబంధించిన పనిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

నెదర్లాండ్స్ దక్షిణ కొసన ఉన్న బుండర్‌బోస్ అనే అడవిలో న్యూట్లకు బంధువులైన ఫైర్ సాలమాండర్లు కొద్ది సంవత్సరాలలోనే 96 శాతం తగ్గిపోయాయి. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానికి కారణమైన శిలీంధ్రాన్ని గుర్తించి 2013లో బట్రాకోకైట్రియం సాలమాండ్రివొరాన్స్ అని పేరు పెట్టారు. పెంపకందారులు దీన్ని క్లుప్తంగా బీసాల్ అంటారు. ఇది చర్మంలో పుండ్లు చేసి, ప్రాణిని రెండు మూడు వారాలలో చంపగలదు. 2014లో వెలువడిన తదుపరి పరిశోధన ప్రకారం ఈ శిలీంధ్రం ఆసియాది. అక్కడి న్యూట్లు లక్షల సంవత్సరాలుగా దానితో సహవాసం చేసి, చాలావరకు ఏ హానీ లేకుండా మోయగలుగుతున్నాయి. మ్యూజియంలో భద్రపరచిన, 150 ఏళ్లకు పైబడిన ఒక జపాన్ న్యూట్ చర్మంలో కూడా దాని ఆనవాలు దొరికింది. అదే శిలీంధ్రాన్ని ఐరోపా, అమెరికా జాతులకు అంటించి చూసినప్పుడు వాటిలో అనేకం చనిపోయాయి. ఆల్పైన్ న్యూట్ కూడా దీని బారిన పడే జాతే.

ఇప్పుడు మీ తొట్టిని ఈ దృష్టితో చూడండి. మీ దగ్గర ఉన్నవి చైనా న్యూట్లు. అవి చక్కగా తింటూ, చర్మం నిగనిగలాడుతూ ఉండటం వాటి ఆరోగ్యానికి గుర్తే గాని, వాటి మీద బీసాల్ లేదనడానికి సాక్ష్యం కాదు. గుడ్ల నుంచి ఇంట్లో పెంచినవే అయినా, ఆ పెంపకందారు గదిలో మరే ఆసియా జాతి ఉండేదో, ఒకే వల ఎన్ని తొట్టెలలో ముంచేవారో మనకు తెలియదు. జర్మనీలోని ఇళ్ల సేకరణలలో ఈ వ్యాధి 2015లోనే బయటపడింది. మీరు ఉంటున్న రూర్ ప్రాంతపు అడవులలో కూడా, ముఖ్యంగా ఎస్సెన్ పరిసరాల్లో, ఫైర్ సాలమాండర్లకు ఇది సోకి ఉన్నది. అంటే మీ ఊరి విషయంలో ఇది దూరపు వార్త కాదు.

గాజు అడ్డు గురించి అడిగారు. రంధ్రాలున్న అడ్డు కొరుకుడును ఆపుతుంది, వ్యాధిని ఆపదు. ఈ శిలీంధ్రపు బీజాలలో ఒక రకం తోకతో ఈదుతుంది, మరొక రకం గట్టి పొర కట్టుకుని నీటి పైభాగాన తేలుతుంది. నీరు ఒకటైతే తొట్టి ఒకటే. ఒకే ఫిల్టర్, ఒకే వల, ఒక తొట్టిలో ముంచి తుడుచుకోకుండా రెండో తొట్టిలో ముంచిన చెయ్యి, ఇవన్నీ ఆ రంధ్రాలతో సమానమే.

25 డిగ్రీల దగ్గర పది రోజులు ఉంచితే ఫైర్ సాలమాండర్లకు ఈ వ్యాధి నయమవుతుందని ప్రయోగాలలో తేలింది. ఈ శిలీంధ్రానికి 10 నుంచి 15 డిగ్రీల చల్లదనమే ఇష్టం. ఇది విని కొందరు తొట్టిని వేడి చేస్తే చాలనుకుంటారు. ఆల్పైన్ న్యూట్‌కు 25 డిగ్రీలు ఒక చికిత్స కాదు, రెండో జబ్బు. ఏ జాతికి ఎంత వేడి, ఎన్ని రోజులు అన్నది ఉభయచరాలు తెలిసిన పశువైద్యుడు నిర్ణయించవలసిన విషయం.

మీరు చేయగలిగిన సులభమైన పని ఒకటున్నది. ఉన్న నాలుగింటి చర్మం నుంచి స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) తీయించి, బీసాల్‌కూ, దాని అన్న వంటి, ఉభయచరాలకే సోకే పాత కైట్రిడ్ శిలీంధ్రానికీ కలిపి పీసీఆర్ పరీక్ష చేయించండి. కొత్తగా ఏ న్యూట్‌ను తెచ్చినా అదే పరీక్ష చేయించి, ఫలితం వచ్చేవరకు వేరే గదిలో, వేరే వలతో, వేరే బకెట్‌తో ఉంచండి.

జెర్సీ_తొట్టి:

పై ఇద్దరి మాటలను గౌరవిస్తూనే నా అనుభవాన్ని మనవి చేస్తున్నాను. నేను న్యూజెర్సీలో ఉంటాను. మా ఇంట్లో చైనా ఫైర్‌బెల్లీలు, ఈ దేశపు ఈస్టర్న్ న్యూట్లు కొన్నేళ్లుగా ఒకే తొట్టిలో ఉన్నాయి. రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. ఇంతవరకు గాయాలు గాని, మరణాలు గాని లేవు. తిండి పెట్టేటప్పుడు పొడవాటి పట్టకారుతో ఒక్కొక్కదాని నోటికి అందిస్తాను. రిబ్డ్ న్యూట్ విషయంలో మీరు చెప్పినది ఒప్పుకుంటాను గాని, సమానమైన జాతులను శ్రద్ధగా చూసుకునేవారికి కూడా ఇంత గట్టిగా వద్దనడం అవసరమా అన్నది నా ప్రశ్న. ఒకే కుటుంబపు, దగ్గరి జాతులైతే కలపవచ్చునని కూడా కొందరు అంటారు.

స్వాబ్_పరీక్ష:

జెర్సీ_తొట్టి గారూ, మీ తొట్టి ప్రశాంతంగా ఉన్నదంటే మీ ఫైర్‌బెల్లీలు బీసాల్‌ను మోసుకురాలేదని ఊహించవచ్చును, సంతోషమే. కానీ 2014 నాటి ప్రయోగాలలో ప్రాణాలు కోల్పోయిన జాతులలో ఈస్టర్న్ న్యూట్ కూడా ఒకటి. రేపు మీరు అదే తొట్టిలోకి మరొక ఫైర్‌బెల్లీని తెస్తే, ఇన్నేళ్ల అనుభవం ఆ కొత్తదాని చర్మం మీద ఏమున్నదో చెప్పదు. అమెరికా ప్రభుత్వం 2016 జనవరిలో 201 సాలమాండర్ జాతుల దిగుమతిని ఆపివేసినప్పుడు ఆ జాబితాలో ఫైర్‌బెల్లీల ప్రజాతి, ఈస్టర్న్ న్యూట్ల ప్రజాతి రెండూ ఉన్నాయి. కెనడా 2017లో ఒక అడుగు ముందుకు వేసి సాలమాండర్లన్నిటి దిగుమతినీ నిషేధించింది. మీ దేశంలో ఈ శిలీంధ్రం అడవుల్లో ఇంతవరకు కనబడలేదు కనుకనే అక్కడ అంత జాగ్రత్త.

మడుగు_మిత్రుడు:

దగ్గరి జాతులను కలపడం గురించి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడే నాకు ఎక్కువ అభ్యంతరం. దూరపు జాతులు ఒకదాన్నొకటి తింటాయి. దగ్గరివి ఒకదానితో ఒకటి జతకడతాయి.

ఫ్రాన్స్ పశ్చిమ భాగంలో క్రెస్టెడ్ న్యూట్, మార్బుల్డ్ న్యూట్ ఒకే చెరువులలో ఉండే ప్రాంతం ఉన్నది. అక్కడ రెండింటికీ పుట్టిన సంకరాలను పంతొమ్మిదో శతాబ్దంలో ఒక వేరే జాతిగా భావించి పేరు కూడా పెట్టారు. తరువాత అవి సంకరాలని, చాలావరకు సంతానం లేనివని తేలింది. జెనీవా పరిసరాలలో మరొక రకం నష్టం జరిగింది. అక్కడికి తెచ్చి వదిలిన ఇటాలియన్ క్రెస్టెడ్ న్యూట్ స్థానిక క్రెస్టెడ్ న్యూట్‌తో కలిసిపోయి, క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది. ఇళ్లలో పెరిగిన సంకరాలు చేతులు మారుతూ పోతే, ఏ తరం తరువాత ఏది స్వచ్ఛమైన జాతో పెంపకందారులకే తెలియకుండా పోతుంది. సహజ ఆవాసాలు తగ్గిపోతున్న జాతుల విషయంలో ఇళ్లలోని శుద్ధమైన వంశాలకు విలువ ఉన్నది.

ఇక్కడే ఒక ఆసక్తికరమైన విషయం: క్రెస్టెడ్, మార్బుల్డ్ న్యూట్ల ప్రజాతిలో మొదటి క్రోమోజోమ్‌లోని ఒక లోపం వల్ల సంకరం కాకపోయినా సగం పిండాలు గుడ్డులోనే చనిపోతాయి. కొత్తగా పెంచేవారు దీన్ని చూసి నీరు చెడిందనుకుని తొట్టినంతా మార్చేస్తారు. సంకరాల తొట్టిలో అయితే ఏ గుడ్డు ఎందువల్ల చనిపోయిందో చెప్పడం మరింత కష్టం.

భాగ్యనగర_నీరు:

హైదరాబాదు నుంచి రాస్తున్నాను. ఈ చర్చను మన రాష్ట్రాలలోని వారు కూడా చదువుతారు కనుక రెండు మాటలు చేర్చుతున్నాను. మన దగ్గర ఏప్రిల్, మే నెలలలో ఇంట్లోని తొట్టి నీరు కూడా 30 డిగ్రీలు దాటుతుంది. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా ఒక జాతి న్యూట్‌ను ఉంచడమే కష్టమైనప్పుడు, మూడింటిని కలపడం గురించి ఆలోచించవలసిన అవసరమే లేదు. ఫ్యాన్ గాలితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి గాని, తేమ ఎక్కువగా ఉండే విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాలలో అంతకూడా తగ్గదు.

రెండోది చట్టం. మన దేశంలో న్యూట్లు ఉన్నది తూర్పు హిమాలయాలలో, ఈశాన్య రాష్ట్రాలలో మాత్రమే. డార్జిలింగ్ కొండలలోని హిమాలయన్ న్యూట్ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతి. దాని ప్రజాతి మొత్తాన్ని 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో కూడా చేర్చారు. ఎవరైనా పెంపుడు జంతువుల దుకాణంలో దాన్ని చూపించి అమ్మజూపితే కొనకండి.

ఎస్సెన్_నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. రిబ్డ్ న్యూట్లను చైనావాటితో కలపాలన్న ఆలోచనను పూర్తిగా విరమించుకున్నాను. మా భవనం కింద అందరికీ ఉన్నట్లే మాకూ ఒక చల్లని నేలమాళిగ గది ఉన్నది. వేసవిలో కూడా అక్కడ 18 డిగ్రీలకు మించదు. ఆల్పైన్ న్యూట్లను అక్కడ వేరే తొట్టిలో ఉంచితే సరిపోతుందా? ఉన్న పెద్ద తొట్టిని ఏమి చేయమంటారు? అందులోని మొక్కలను, ఫిల్టర్ స్పంజిని కొత్త తొట్టికి వాడుకోవచ్చునా? అలా చేస్తే మలినాలను హరించే బాక్టీరియా చేరి, నీరు త్వరగా కుదురుకుంటుందని విన్నాను.

మడుగు_మిత్రుడు:

ఆల్పైన్ న్యూట్లకు ఆ గది మీకు దొరికిన వరమే. శీతాకాలంలో గది ఇంకా చల్లబడుతుంది కనుక హీటర్, చిల్లర్ రెండూ లేకుండానే వాటి ఋతుచక్రం నడుస్తుంది. 80 సెంటీమీటర్ల తొట్టి రెండింటికి ధారాళంగా సరిపోతుంది. నీటి మధ్యలో ఎక్కి కూర్చోవడానికి బెరడు ముక్క ఒకటి, గుడ్లు చుట్టిపెట్టుకోవడానికి మెత్తని ఆకుల మొక్కలు కొన్ని, బిగుతైన మూత ఒకటి తప్పనిసరి. తడి పొట్టతో ఇవి నిలువు గాజును ఎక్కగలవు. మూతలో వేలు దూరే సందు ఉంటే చాలు, తెల్లవారేసరికి మంచం కింద ఎండిపోయి కనిపిస్తాయి.

కొనేటప్పుడు పెంపకందారు నుంచి పుట్టుక ధ్రువపత్రం రాయించుకోండి. జర్మనీలో స్థానిక ఉభయచరాలన్నీ రక్షితమైనవే కనుక, మీ చెరువులో చూసిన వాటిని తేవడం నేరం. ఇంట్లో పుట్టినవని చూపడానికి ఆ కాగితమే ఆధారం.

పెద్ద తొట్టి విషయంలో నా అభిప్రాయం కొంచెం భిన్నం. అది నాలుగు చైనా న్యూట్లకు ఎక్కువ అని మీరనుకుంటున్నారు గాని, అదే జాతివి, పరీక్ష చేయించినవి మరొక అరడజను చేర్చితే పిల్లలు వెతుక్కోవలసిన అవసరమూ ఉండదు, మగవాటి ప్రణయ నృత్యం కూడా చూడగలుగుతారు. రిబ్డ్ న్యూట్లే కావాలంటే, ఫైర్‌బెల్లీలను 60 సెంటీమీటర్ల 54 లీటర్ల మామూలు తొట్టికి మార్చి, పెద్దదాన్ని శుద్ధి చేసి పూర్తిగా రిబ్డ్ న్యూట్లకే ఇవ్వండి. రెండూ కలిపి ఉంచాలనే కోరికతో అడ్డు గాజు కోయించే ఖర్చుకంటే చిన్న తొట్టి చవక.

స్వాబ్_పరీక్ష:

మొక్కలు, స్పంజి గురించి: పరీక్ష ఫలితం రాకముందు ఆ తొట్టి నుంచి ఏ తడి వస్తువూ మరొక తొట్టికి పోకూడదు. నీరు కుదురుకోవడానికి మీకు తెలిసిన, ఉభయచరాలు ఎన్నడూ లేని చేపల తొట్టి నుంచి స్పంజి తెచ్చుకోవడం మేలు. అది దొరకకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చిన తరువాతే న్యూట్లను దించండి. పాత తొట్టి నీటిని మార్చేటప్పుడు తోటలో గాని, వాన కాలువలో గాని పోయకుండా మరుగుదొడ్డిలో పోయండి. వలలను, బకెట్లను బ్లీచ్ ద్రావణంలో నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. రోజువారీ పనిలో మొదట నేలమాళిగలోని ఆల్పైన్ న్యూట్లకు తిండి పెట్టి, ఆ తరువాతే పైకి వచ్చి ఫైర్‌బెల్లీల తొట్టిని ముట్టుకోండి.